అవ్వతాతలే అయ్యవార్లు

ఇంటి చదువంటే బడి గంట బయట, ఇంటి పెద్దల దగ్గర పిల్లలు నేర్చుకునే చదువు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఈ బరువు ఎక్కువగా అవ్వతాతల మీదే పడుతోంది. చిప్పగిరి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి పల్లెల్లో వానలు మొహం చాటేసిన ఏట కూలీలే కాదు, చిన్న రైతులు కూడా సుగ్గికి, అంటే కోత పనుల వలసకు, బయలుదేరతారు. మిరప కోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపు నెలల తరబడి వెళ్లిపోతారు. వెంట తీసుకుపోతే పిల్లల చదువు అక్కడితో ఆగుతుంది. వలస వెళ్లేవారి పిల్లల కోసం నడిచే సీజనల్ హాస్టల్లో చేర్చడం ఒక దారి, ఊళ్లో ముసలివాళ్ల దగ్గర వదలడం ఇంకొకటి. ఈ రెండో దారిలో పొద్దున్నే తల దువ్వి బడికి పంపేదీ, సాయంత్రం పుస్తకాల సంచి విప్పించేదీ అవ్వే. 2011 జనగణన నాటికి కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఉంది. వయసు మళ్లిన ఆడవాళ్లలో చదవగలిగినవాళ్లు ఇంకా తక్కువ. డిగ్రీ పట్టా చేతికందుకునే యువతరం ముందున్న ప్రశ్న ఇది: అక్షరం రాని మనిషి చదువు చెప్పగలదా?

ఈ ప్రాంతపు పాత లెక్కల్లో కొంత జవాబు ఉంది. చిప్పగిరి 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. జిల్లా మొత్తంలో 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించడం, ముందు నేర్చిన పిల్లలతో వెనకవాళ్లకు చెప్పించడం ఆయనకు బాగా నచ్చాయి. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు మాత్రం 60 మందే. మిగిలిన ఆడపిల్లలు ఏం నేర్చినా ఇంట్లోనే నేర్చి ఉండాలి. ఆ నేర్పు క్యాంప్‌బెల్ లెక్కలోకి రాలేదు. మూడేళ్ల తర్వాత, 1826లో, గవర్నర్ థామస్ మన్రో ఆ లోటును కొంత గుర్తించాడు. మద్రాసు పట్నంలో బంధువుల దగ్గరో, ఇంటికి వచ్చే గురువుల దగ్గరో చదివే పిల్లలు 26,963 మంది అనీ, ఇది బడికి వెళ్లేవారికి దాదాపు ఐదు రెట్లనీ రాశాడు. చిప్పగిరికైతే ఇంకో సాక్ష్యం ఉంది. 1755లో ఇక్కడే దేహం చాలించిన కన్నడ హరిదాసు విజయదాసుల కీర్తనలను ఎందరో కాగితం చూడకుండా, పెద్దల నోట విని నేర్చుకున్నారు.

పాఠం తెలియని మనిషి తోడు పనికొస్తుందా అన్నదాన్ని మన కాలంలో పరీక్షించి చూసినవాడు విద్యా పరిశోధకుడు సుగతా మిత్రా. దక్షిణాదిలోని కాలికుప్పం అనే పల్లెలో తమిళం మాత్రమే వచ్చిన పిల్లల ముందు ఒక కంప్యూటర్ పెట్టి, ఇంగ్లీషులో ఉన్న జీవశాస్త్ర పాఠాలు ఇచ్చి వదిలేశారు. కొన్నాళ్లకు పరీక్ష పెడితే 30 శాతం మార్కులు వచ్చాయి. తర్వాత ఆ పాఠాలేవీ తెలియని స్థానిక యువతి ఒకామె వాళ్ల పక్కన చేరింది. ఆమె చేసిందల్లా మనవళ్లను అవ్వ మెచ్చుకున్నట్టు మెచ్చుకోవడం, ‘అదేంది? ఎట్ల చేసినావు?’ అనే తీరులో అడుగుతూ ఉండటం. మార్కులు 50 శాతం దాకా పెరిగాయి. 2010లో అచ్చయిన ఈ ప్రయోగం చిన్నది. దాని మీద పెద్ద సిద్ధాంతాలు కట్టకూడదు. అయినా పల్లె అనుభవం కూడా ఇదే చెబుతుంది. బిడ్డ చదువుతుంటే చెవి ఒగ్గి వినే మనిషి ఉండటం చిన్న సాయం కాదు.

వినడం ఒక్కటే కాదు, లెక్కలు నేర్పే పనిముట్టు కూడా అవ్వ దగ్గరుంది: వామనగుంటలు. వరసకు ఏడు చొప్పున రెండు వరసల గుంటలు, గుంటకు ఐదు చింతగింజలు, మొత్తం 70. మూడో గుంటలో తొమ్మిది గింజలు పోగయితే, వాటిని తీసి ఒక్కొక్కటే పంచుకుంటూ పోతే ఆఖరిది పన్నెండో గుంటలో పడుతుంది. ఇంకో ఎత్తులో పదకొండో గుంటలోని ఐదు పంచితే చుట్టు తిరిగి రెండో గుంటకు చేరుతుంది. ఏ గుంట ఎత్తితే లాభమో వేళ్లు ముడవకుండా ముందే చూసే పిల్లకు కూడికా తీసివేతా చేతికొచ్చినట్టే. పొడుపు కథలు, కార్తెల వరస, శేరు పడి కొలతలు, పత్తి తూకానికి కూలి లెక్క, ఇవన్నీ ఈ చదువులోవే.

దీని హద్దులూ దాచకూడదు. అచ్చులో ఉన్న తప్పును అవ్వ పట్టలేదు. చత్వారం వచ్చిన తాతకు పలక మీది గీత కనపడదు. దెబ్బ పడితేనే చదువొస్తుందనే నమ్మకం ఇంకా ఉంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఆడపిల్లకు. ఇంటిపని, తమ్ముడి ఆలన, చేలో కలుపు ఆమె సాయంత్రాన్నీ, ఒక్కోసారి బడినీ మింగేస్తాయి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ బడిని హక్కు చేసింది. అవ్వ చదువు ఆ బడికి తోడుగా నిలవాలి, ఆ హక్కుకు అడ్డుపడకూడదు.

అవ్వకు లేనిది అక్షరం, పట్టభద్రులకు ఉన్నది అదే. రెండూ కలిపే పద్ధతి కష్టమైనది కాదు. అవ్వ ఒక కథ చెబుతుంది. చదువుకున్న యువకుడో యువతో దాన్ని ఆమె మాటల్లోనే, పెద్ద అక్షరాలతో నోటుబుక్కులో రాసిపెడతారు. బిడ్డ ఆ పేజీని అవ్వకు చదివి వినిపిస్తుంది. కథ తనదే కాబట్టి, మాట తప్పిన చోట అవ్వ వెంటనే ఆపుతుంది. చదవడం రాని మనిషి చదువును సరిదిద్దే వీలు ఇక్కడ దొరుకుతుంది. నెల తిరిగేసరికి ఆ పుస్తకం బిడ్డకు వాచకమవుతుంది, అవ్వకు ఓనమాలు దిద్దుకునే పలకా అవుతుంది. తాతకు కళ్లద్దాలు ఇప్పించడం, వారానికి ఒక సాయంత్రం రెండు మూడు ఇళ్ల పిల్లలను ఒకే అరుగు మీద కూర్చోబెట్టడం, ఆడపిల్ల బడి మానితే మొదటి రోజే ఆరా తీయడం కూడా ఈ పనిలో భాగమే. చిప్పగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఈ ఏటి సుగ్గికి బండ్లు కదలకముందే, పట్టా పుచ్చుకున్న ప్రతి ఒక్కరూ తమ వీధిలో అవ్వతాతల దగ్గర ఉండిపోతున్న పిల్లలెవరో తెలుసుకుని, కనీసం ఒక ఇంటికి నోటుబుక్కుతో వెళ్లాలి.