కోడింగ్ కోర్సులో చేరాలా, ఆగాలా?

(ఆదివాసీ దినోత్సవ సభలో హైస్కూలు, ఇంటర్ విద్యార్థులతో మాట్లాడిన మాటలు)

 

ఆగస్టు 9 సభ అంటే మేం ఏటా చదువు విలువ గురించి నాలుగు మాటలు చెప్పి దిగిపోతాం. ఈసారి సంఘం వాళ్ళు ఒక్క విషయమే ఇచ్చారు: హైస్కూల్లో ఉండగా ఆన్‌లైన్‌లో ప్రోగ్రామింగ్ కోర్సు చేరాలా వద్దా? హాస్టల్లో రోజూ నలుగుతున్న ప్రశ్నే కాబట్టి సరే అన్నాం. ‘మేం’ అంటే వార్డెన్లమూ, సాయంత్రం చదువులు చెప్పే ట్యూటర్లమూ, వంటగదిలో అక్కలు కూడా. పిల్లల సంగతులు సగం వాళ్ళకే ముందు తెలుస్తాయి.

మా మాట ముందే చెప్పేస్తాం. చేరండి. కానీ పదో తరగతిలో కాదు, ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో. డబ్బు కట్టి కాదు. ఒంటరిగా కాదు. ఇవి కుదరకపోతే ఆగండి, కొంపేమీ మునిగిపోదు.

ఇప్పుడు ఎందుకో చెప్తాం. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా విడిపోయింది. పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, రావికమతం, మాడుగుల, చీడికాడ, దేవరాపల్లి మండలాల్లో కొండవార గూడేలు ఇటే ఉండిపోయాయి. వీటిలో చాలావాటికి షెడ్యూల్డ్ ప్రాంతం గుర్తింపు లేదు. పైన ఏజెన్సీ వాళ్ళకున్న రక్షణలు మనకి లేవు. కింద పల్లం ఊళ్ళకున్న రోడ్డూ, సిగ్నలూ మన గూడేలన్నిటికీ రాలేదు. ఇక మన ఇళ్ళల్లో చదువంటే గుర్తొచ్చేది టీచరు ఉద్యోగమే. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. దాన్ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ పోరాటం గురించి పెద్దలు మాట్లాడతారు. మేం చెప్పదలుచుకున్నది ఒక్కటే. మీ అన్నలూ అక్కలూ నడిచిన దారి ఇరుకైంది, మీరు ఇంకో రెండు దారులు ఎలా ఉంటాయో చూసి ఉండాలి. ప్రోగ్రామింగ్ అలాంటి ఒక దారి. అదే రాజమార్గం అని మాత్రం మేం అనం.

జీడిపిక్కలు అమ్మిన రోజుల్లో ఒక తండ్రి చేతిలో రంగుల కాగితం పట్టుకుని హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు. కొడుకు తొమ్మిది చదువుతున్నాడు. సంతలో ఎవరో కుర్రాడు ఆ కాగితం ఇచ్చి, ఆరు నెలలు ఆన్‌లైన్‌లో కోడింగ్ నేర్పుతాం, సర్టిఫికెట్ ఇస్తాం, ఉద్యోగం గ్యారంటీ అన్నాడట. ‘‘మేడమ్, ఈ ఏడు పిక్కల డబ్బులు మొత్తం కట్టేద్దామా?’’ అని అడిగాడు. మేం తిరిగి మూడు అడిగాం. అయ్యా, పద్నాలుగేళ్ళ పిల్లాడికి ఉద్యోగం ఎవరిస్తారు? వాడు చదవడానికి కంప్యూటరు ఎవరిస్తారు? మధ్యలో మానేస్తే డబ్బు తిరిగిస్తామని ఆ కాగితం మీద ఎక్కడైనా రాసుందా? ఆయన కాగితం తిరగేసి చూశాడు. వెనక వైపు ఫోన్ నంబరొక్కటే ఉంది. డబ్బుతో ఇంటికి రేకులు వేసుకున్నాడు. ఆ కుర్రాడు ఇప్పుడు మా దగ్గరే పైసా ఖర్చు లేకుండా మొదటి పాఠాలు చేస్తున్నాడు.

ఇలాంటి ప్రకటనలు మన దగ్గరే కాదు. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో చిన్నపిల్లలు కోడింగ్‌తో కోటీశ్వరులైపోతున్నట్టు టీవీల్లో, ఫోన్లలో ఒకటే హోరు. ప్రకటనల ప్రమాణాలు చూసే ఆస్కి అనే సంస్థ జోక్యం చేసుకుని, ఒక కంపెనీ చేత అలాంటివి కొన్నిటిని వెనక్కి తీయించింది. పట్నంలో చదువుకున్న తల్లిదండ్రులే వాటిని నమ్మారు. మన వాళ్ళు నమ్మితే తప్పు పట్టడానికేముంది?

డబ్బు లేకుండా దొరికేవి చాలానే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన స్వయం పోర్టల్లో తొమ్మిదో తరగతి నుంచి పైవాళ్ళకి కోర్సులున్నాయి. పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలనుకుంటేనే ఫీజు. ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ వీడియోలు మన భాషల్లోకీ మార్చి పెట్టారు, తెలుగులోనూ దొరుకుతాయి. డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే సిగ్నల్ లేకపోయినా చూడొచ్చు. అమెరికాలో ఎంఐటీ వాళ్ళు 2007లో విడుదల చేసిన స్క్రాచ్‌లో టైపు చేసే బాధే తక్కువ, రంగు దిమ్మలు ఒకదాని కింద ఒకటి పేర్చడమే. దాన్ని కూడా ఒకసారి కంప్యూటర్లో ఎక్కించుకుంటే నెట్ అక్కర్లేదు. ఎనిమిదో తరగతి వాళ్ళు దాంతో మొదలుపెట్టండి. తొమ్మిది వాళ్ళయితే నేరుగా పైథాన్‌కి వెళ్ళొచ్చు. అదీ ఉచితమే.

అసలు అది మనకి పడుతుందా లేదా ఎలా తెలుస్తుంది? దీనికి ఫోన్ కూడా అక్కర్లేదు. ఒక ఆదివారం కాగితం తీసుకుని, చోడి అంబలి ఎలా కాయాలో ఒక్కొక్క మెట్టుగా రాయండి. రాసింది మీ స్నేహితురాలికివ్వండి. ఆమె రాసిందే చేయాలి, సొంత తెలివి వాడకూడదు. ‘పిండి కలుపు’ అని రాస్తే, ఎంత పిండి, ఏ గిన్నెలో, చల్లనీళ్ళా వేడినీళ్ళా అని అడుగుతుంది. ‘ఉడికేదాకా కలుపు’ అంటే, ఉడికిందని ఎలా తెలుస్తుంది అంటుంది. మీరు మళ్ళీ రాయాలి. మొదటిసారి నవ్వొస్తుంది, రెండోసారి చిరాకొస్తుంది. మూడోసారి కూడా ‘ఆగు, ఎక్కడ తేడా వచ్చిందో పట్టేస్తా’ అని కాగితం లాక్కునే పిల్ల ఉంటే, ఆ పిల్ల కోర్సులో చేరాలి. కంప్యూటరు కూడా ఆ స్నేహితురాలి లాంటిదే, కాకపోతే నవ్వదు.

కోర్సు మొదటి వారాల్లో చెప్పేవన్నీ మీరు హాస్టల్లో చూస్తున్నవే. ఈ రోజు గుడ్డు రోజు అయితే తలకో గుడ్డు తీయి, లేకపోతే తీయకు. గుడ్డు తినని పిల్ల అయితే అరటిపండు ఇవ్వు. ఇది షరతు. హాజరు పట్టీలో మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా ఇదే చేసుకుంటూ పో. ఇది లూప్. సంక్రాంతికి ఊరెళ్ళిన పిల్లలను కూడా లెక్కలో వేస్తే గుడ్లు మిగిలిపోతాయి, దాన్నే బగ్ అంటారు. రోజూ స్టోరు రిజిస్టరు రాసే మనకి ఇందులో కొత్తేముంది చెప్పండి?

ఇంగ్లీషు రాదు, లెక్కల్లో వీక్ అని భయపడేవాళ్ళున్నారు. మొదటి మెట్లకి ఏడో తరగతి లెక్కలు చాలు. ఇంగ్లీషు పదాలు ముప్పయ్యో నలభయ్యో మళ్ళీ మళ్ళీ వస్తాయి, పుస్తకం వెనక రాసుకుంటే నెలలో నోటికొస్తాయి. అసలు కష్టం వేరే చోట ఉంది. తప్పు వచ్చినప్పుడు అడగడానికి మనిషి ఉండడు. పట్నం పిల్లకి పక్కింట్లో ఇంజనీరింగ్ చదివే అన్న ఉంటాడు. మన గూడెంలో ఎవరున్నారు? అందుకే ఒంటరిగా వద్దన్నాం. ఇద్దరు కలిసి ఒకే పాఠం చూడండి, ఒకరు టైపు చేస్తే ఇంకొకరు తప్పులు చూడండి.

మధ్యలో మానేస్తే సిగ్గుపడకండి. 2019లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. హార్వర్డ్, ఎంఐటీ లాంటి పెద్ద పేరున్న విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ కోర్సుల్లో 2017-18లో చేరినవాళ్ళలో చివరిదాకా వెళ్ళింది నూటికి ముగ్గురు. చేరేవాళ్ళలో ఎక్కువమంది డబ్బున్న దేశాల వాళ్ళే. వాళ్ళే అంతమంది మానేస్తుంటే, నాలుగో వారంలో ఆగిపోయిన మన పిల్లను చూసి ‘మనవాళ్ళకి ఇవి రావు’ అనడం ఏమిటి? ఆ మాట మన పెద్దలే కొందరు అంటారు, వినలేకపోతున్నాం.

పదో తరగతిలో వద్దని గట్టిగా ఎందుకంటున్నామంటే, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీటు వచ్చేది పదో తరగతి మార్కుల మీదే. ఆరేళ్ళ చదువు, చివరికి బీటెక్, ఎస్టీ రిజర్వేషను కూడా ఉంది. 600 మార్కుల పరీక్ష ముందు పెట్టుకుని పైథాన్ కోసం సోషల్ పక్కన పెట్టడం చేతిలో కూడు వదిలి గాలిలో ఉట్టి చూడడమే. అక్కడ చేరాక ప్రోగ్రామింగ్ మొదటి అక్షరం నుంచే చెప్తారు. పాలిటెక్నిక్‌లోనూ అంతే. కాబట్టి హైస్కూల్లో నేర్చుకోకపోతే తలుపు మూసుకుపోతుందన్న మాట అబద్ధం.

మరి ఎందుకు చేరమంటున్నాం? ఇంజనీరింగ్‌కి వెళ్ళిన మన పిల్లలు పండక్కి వచ్చినప్పుడు చెప్పేది విన్నాం. మొదటి ఏడాది పట్నం కొత్త, క్లాసులో ఇంగ్లీషు కొత్త, కంప్యూటరు ముందు కూర్చోవడమూ కొత్త. మూడూ ఒకేసారి మీద పడితే తెలివైనవాళ్ళు కూడా వెనక బెంచీకి జరిగిపోతారు. అందులో ఒక కొత్తదనం ఇక్కడే, తొమ్మిదో తరగతిలోనే, మన అన్నం తింటూ మన వాళ్ళ మధ్య తీరిపోతే మిగతా రెండూ తట్టుకోవచ్చు. ఇంకోటి, ఇంటర్లో ఎంపీసీ తీసుకోవాలా అన్నది ఊహ మీద కాకుండా చూసి తేల్చుకోవచ్చు. నచ్చలేదనుకోండి, అది కూడా ఉచితంగా తెలిసినట్టే. ఇంటర్ తర్వాత ఐఐటీ మద్రాసు వాళ్ళ ఆన్‌లైన్ డిగ్రీ ఉంది, 2020లో మొదలైంది. దానికి జేఈఈ అక్కర్లేదు, వాళ్ళే కొన్ని వారాలు పాఠాలు చెప్పి అర్హత పరీక్ష పెడతారు. ఎస్టీలకి ఫీజులో రాయితీ ఉంది. పైథాన్ ముందే రుచి చూసిన పిల్లకి అది అందని కొమ్మేమీ కాదు.

ఇది సాంస్కృతిక సంఘం వేదిక కాబట్టి ఒక మాట. మన కొండల్లో కువి, ఆదివాసీ ఒడియా ఇంకా బతికే ఉన్నాయి. శ్రీకాకుళం వైపు సవరల భాషకి మంగేయి గొమాంగో 1936లో తయారుచేసిన సోరా సోంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. ఆదిలాబాద్ దగ్గర గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో వచ్చింది. అంటే ఆ అక్షరాలు ఇప్పుడు కంప్యూటర్లో ఉండగలవు. కానీ కీబోర్డు, నిఘంటువు, పిల్లల ఆటలు ఎవరో ఒకరు కూర్చుని చేయాలి కదా. మన అవ్వ మాటలు తెలిసిన మనిషే ఆ పని చేస్తే బాగుంటుందని మా ఆశ. ఆశే, బలవంతం లేదు.

ఇప్పుడు ఏఐ వచ్చి కోడ్ అంతా అదే రాసేస్తోంది కదా మేడమ్, మాకెందుకు అని మొన్న ఒకమ్మాయి అడిగింది. కాలిక్యులేటర్ ఉందని ఎక్కాలు మానేశామా? అది రాసింది తప్పో ఒప్పో చూడడానికి మనకి కొంత తెలిసి ఉండాలి. ఆ అమ్మాయికి ఈ జవాబు పూర్తిగా నచ్చలేదు. మంచిదే, కోర్సు చేసి వచ్చి మాతో వాదించమన్నాం.

వేసవిలో చేయండి అని పట్నం వాళ్ళు సలహా ఇస్తారు. మన పిల్లలు వేసవిలో జీడితోటల్లో పిక్కలు ఏరుతుంటారు, సిగ్నల్ కావాలంటే మెట్ట ఎక్కాలి. మనకి కుదిరేది హాస్టల్ నడిచే కాలమే, అదీ ఇప్పటి నుంచి డిసెంబరు దాకా. ఆదివారం బట్టలుతుక్కుని, అన్నం తిన్నాక, రెండు నుంచి ఐదు. రాత్రి చదువు గంటల్లో మాత్రం వద్దు. రాత్రి పదకొండుకి దుప్పట్లో ఫోన్ పెట్టుకుని ‘కోడింగ్ చేస్తున్నాం మేడమ్’ అనే వాళ్ళ సంగతి మాకు బాగా తెలుసు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. ఇంట్లో ఒక్క ఫోన్ ఉంటే అది అన్న చేతిలోనో తమ్ముడి చేతిలోనో ఉంటుంది. చెల్లి అడిగితే ‘నీకెందుకే’ అంటారు. హాస్టల్లో అలా నడవదు. ఆఫీసు కంప్యూటరు దగ్గర మొదటి గంటన్నర ఆడపిల్లల హాస్టల్ వాళ్ళది, తర్వాత గంటన్నర మగపిల్లలది. చేతులు ఖాళీ లేవు, గిన్నెలు తోమాలి అన్న సాకు చెప్పకుండా వంట అక్కలు ఇప్పటికే ఒప్పుకున్నారు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళు ఇద్దరిద్దరుగా పేర్లు ఇవ్వండి. పేరుతో పాటు అంబలి కాగితం కూడా కావాలి, మూడుసార్లు దిద్దింది. పదో తరగతి వాళ్ళ పేర్లు ఈ ఏడు తీసుకోం, మార్చి పరీక్షలయ్యాక రండి. రెండో శనివారం లోపు ఇస్తే ఆ మర్నాడు మధ్యాహ్నం నుంచే మొదలుపెడతాం.