కొన్న వెల – నడిపిన వెల

ఎద్దును కొనబోవు రైతు కొమ్ముల సొంపు చూచి బేరమాడడు. పండ్లు పట్టి చూచును, గిట్టలు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. ఇంట గడ్డి చాలునో చాలదో తనలో లెక్క వేసికొనును. ఈ వివేకము మన పల్లెలలో తరతరములుగా ఉన్నది. కాని మోటారు సైకిలు కొనునపుడు మాత్రము పలువురు రంగును, ఇంజను ధ్వనిని, నెలసరి వాయిదాను చూచి సంతృప్తి చెందుచున్నారు. మేపు సంగతి తరువాత తెలియుచున్నది.

నిజామాబాదుకు, బోధనుకు నడుమ దూరము సుమారు 25 కిలోమీటర్లు. నిజాంసాగరు కాలువలు ఈ నేలకు నీరిచ్చినవి. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము ఇక్కడి ఇండ్లకు నగదునిచ్చినది. 2015 డిసెంబరులో బోధను కర్మాగారము మూతపడినది. కొలువుకై, చదువుకై, వ్యాపారమునకై దినదినము పోయివచ్చుట మాత్రము ఆగలేదు. గల్ఫు దేశములలో కష్టించి పంపిన సొమ్ముతోనో, వరి, పసుపు అమ్మిన సొమ్ముతోనో రెండు లక్షల చేరువ వెల గల బండిని కొను కుటుంబమునకు ఈ లెక్క వినోదము కాదు.

మొదట ఇంధనము. దినమునకు రానుపోను 50 కిలోమీటర్లు, నెలకు 25 దినములు అనుకొందము. ఏడాదికి 15 వేల కిలోమీటర్లగును. సామాన్యమైన 100 సీసీ బండి లీటరుకు 60, 350 సీసీ బండి 35, రెండు సిలిండర్ల 650 సీసీ బండి 25 కిలోమీటర్లు నడచునని ఉజ్జాయింపుగా తీసికొందము. పెట్రోలు లీటరు 110 రూపాయలైనచో, నెల ఖర్చు వరుసగా సుమారు 2,300, 3,900, 5,500 రూపాయలు. చిన్న బండికి, 350 సీసీ బండికి గల వ్యత్యాసమే ఏడాదికి 19 వేల పైచిలుకు. ఇది వాయిదా కాగితములో కనబడని వాయిదా.

ఇప్పుడు పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలియుచున్నది. పదిపాళ్ళ మిశ్రమమునకు సరిపెట్టిన ద్విచక్ర వాహనములకు దీనివలన మైలేజి 3, 4 శాతము తగ్గునని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసినది. పాత బుల్లెట్టును ముచ్చటపడి కొనువారు పెట్రోలు గొట్టములను, రబ్బరు వాషర్లను ముందుగా పరీక్ష చేయించుకొనుట మంచిది.

రెండవది పన్ను, బీమా. ఇక్కడ 350 సీసీ అనునది గట్టి గట్టు. 2025 సెప్టెంబరు 22 నుండి 350 సీసీ వరకు గల బండ్లపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గినది. అంతకు మించిన వానిపై 40 శాతమైనది. 2022 జూన్ 1 నుండి అమలైన పట్టిక ప్రకారము కొత్త బండికి అయిదేండ్ల థర్డ్ పార్టీ బీమా 150 సీసీ లోపు 3,851 రూపాయలు, 350 లోపు 7,365, ఆపైన 15,117. గట్టు దాటువారు ఈ అంకెలు చూచుకొని దాటవలెను.

ఇక నమ్మకము. 1952లో మన సైన్యము 350 సీసీ బుల్లెట్లు కావలెనని కోరినది. 1955లో మద్రాసులో వాని తయారీకి ఏర్పాటు జరిగినది. ఆ పాత ఇంజను నూనె కార్చెడిది, ఉదయము తన్నిన వెంటనే కదలక మొరాయించెడిది. కాని వీధి చివరి మెకానిక్కు చప్పుడు విని జబ్బు చెప్పి, సాయంత్రమునకు నడిపించెడివాడు. 2020 తరువాతి ఇంజన్లలో కార్బురేటరు లేదు. ఇంధనము ఎలక్ట్రానిక్ సాధనము ఆజ్ఞపై అందుచున్నది. ఇవి అరుదుగా ఆగును. ఆగినచో జబ్బు కనుగొనుటకు తగిన పరికరము గల వర్కుషాపు కావలెను. కనుక నమ్మకమునకు రెండు ముఖములున్నవి: బండి ఎన్నిసార్లు ఆగును అనునది ఒకటి, ఆగిన బండి ఎన్నాళ్ళకు కదలును అనునది మరియొకటి. ప్రకటనలు మొదటిదానినే చెప్పును. దినవేతనము పోగొట్టుకొనువానికి రెండవది ముఖ్యము. విడిభాగము హైదరాబాదు నుండి రావలసియున్నచో, ఆ దినముల బస్సు ఖర్చు, పోయిన పని కూడ బండి ఖాతాలోనే వ్రాయవలెను.

మన నేల స్వభావము కూడ లెక్కకు వచ్చును. నల్లరేగడి బురద, వేసవి దుమ్ము కప్పులేని చెయినును త్వరగా అరగదీయును. ఇంచుమించు 500 కిలోమీటర్లకొకసారి చెయినును తుడిచి నూనె వేయవలెను. పుల్లల చక్రమునకు ట్యూబుండును. పంక్చరైనచో చక్రము విప్పవలసినదే. ట్యూబులేని టైరునకు రోడ్డు ప్రక్కనే మరమ్మతగును. బరువైన బండి వెనుక టైరు పై చెప్పిన వాడకమునకు ఏడాది, ఏడాదిన్నరలో మార్పు కోరవచ్చును.

ఇంత చెప్పుట పెద్ద బండిని నిందించుటకు గాదు. ఇద్దరు కూర్చుండి 175 కిలోమీటర్ల హైదరాబాదు ప్రయాణము చేయునపుడు దాని నిలకడ, దాని సుఖము చిన్న బండికి రావు. జాగ్రత్తగా వాడినచో అమ్మునాటికి మంచి ధరయు పలుకును. దూరప్రయాణములు తరచుగా గలవారికి అది తగిన వస్తువే. నిత్యము పొట్టకూటికై తిరుగువారికి చిన్న బండి చేయు మేలును మాత్రము తక్కువగా ఎంచరాదు.

కొనదలచినవారు షోరూములోనికి పోవుటకు ముందు దాని వెనుకనున్న వర్కుషాపునకు పోయి, అక్కడ వేచియున్నవారిని రెండు ప్రశ్నలడుగుడు: బండి ఇచ్చి ఎన్ని దినములైనది? క్రిందటిసారి బిల్లు ఎంతైనది? ఆ జవాబులను, పై నెల ఖర్చును ఒక కాగితముపై వ్రాసి, ఇంటిల్లిపాది కూర్చుండి వాయిదాతో కలిపి కూడి చూచుకొనుడు. ఆ మొత్తమును మూడు నెలలు ముందుగా ప్రక్కకు తీసి దాచిచూడుడు. ఇల్లు ఇబ్బంది లేక గడచినచో, బండిని నిశ్చింతగా ఇంటికి తెచ్చుకొనవచ్చును. గడవనిచో, దాచిన సొమ్మైనను చేతిలో మిగిలియుండును.