రూపములేని బుద్ధుడు
(లక్సెట్టిపేట సభలో నిచ్చిన ఉపన్యాసము)



గోదావరి దాటి దక్షిణముగా ధూళికట్టకు పోయినవారు మీలో కొందరుందురు. 1970వ దశకమున పురాతత్త్వ శాఖవారచట త్రవ్వించగా శాతవాహనుల కాలపు బౌద్ధస్తూపము బయల్పడినది. దాని సున్నపురాతి పలకలమీద పడగ విప్పిన నాగరాజున్నాడు; బుద్ధుని రూపము మాత్రము లేదు. మన పల్లెజనులు దానిని జూచి నాగదేవతయని చేతులు జోడించిన నేమి తప్పు? అయినను ఆ శిల్పి చెప్పదలచినది వేరు. సంబోధి పొందిన పిమ్మట భగవానుడు ధ్యానమందుండగా గాలివాన వచ్చెను. ముచలిందుడను నాగరాజు ఆయనను చుట్టలతో చుట్టి, పడగను గొడుగుగా పట్టెను.

న్యాయవాదిని గనుక నాకిది పరిస్థితుల సాక్ష్యమువలె తోచును. మనిషి కానరాడు, జాడలే కానవచ్చును. అమరావతి తొలినాటి శిల్పములందును ఇంతే. రౌతులేని గుఱ్ఱమునకు ఛత్రము పట్టిరన్న నది మహాభినిష్క్రమణము. బోధివృక్షము క్రింద శూన్యాసనమన్న సంబోధి, చక్రమన్న సారనాథమున తొలి ధర్మబోధ, స్తూపమన్న పరినిర్వాణము. అక్షరము రానివాడును చదువగల లిపి యిది!

ఆ లిపిని చదువుకొన్న మనమే మరచితిమి. అమరావతి రాళ్లు కొన్ని సున్నపుబట్టీల పాలాయెను; కొన్ని 1859లో మద్రాసునుండి లండనుకు ఓడ యెక్కెను, నేటికిని బ్రిటిషు మ్యూజియములోనే యున్నవి. 1947 జూలై 22న రాజ్యాంగసభ మన జెండాపై నిలిపిన చక్రము సారనాథపు అశోకస్తంభమునుండి గైకొన్నదే. దాని ఆకులు 24 అని బాలురకు వల్లె వేయించుచున్నాము. అది యెవ్వని గుర్తో చెప్పుచున్నామా?

సెలవుదినమున పిల్లలను ధూళికట్ట దిబ్బకు గొనిపొండు. ఆ నాగశిల్పపు చిత్తరువునైనను చూపుడు. పడగ క్రింద ఎవరును లేరేమని వారడిగినచో, చెప్పుటకు మీరు సిద్ధముగా నుండుడు.