సర్కారు బడి, మన ఆడపిల్లలు



మన ఆడపిల్లలు ఏడో తరగతి దాటగానే బడి మానేస్తున్నారని ప్రతి సభలోనూ విచారం వెలిబుచ్చుతున్నాం. కారణం పర్దాయేనని బయటివారు తేల్చేస్తారు. మనమూ ఖండించకుండా ఊరుకుంటాం. మొహల్లాలో ఇల్లిల్లూ తిరిగినప్పుడు తల్లులు మాతో చెప్పినవి వేరు. మరుగుదొడ్డికి తలుపు లేదు. ప్రహరీ కూలింది. ఉన్నత పాఠశాలకు పోవాలంటే లారీలు తిరిగే రోడ్డు దాటాలి. ఉర్దూ ఉపాధ్యాయుని పోస్టు ఖాళీ. వీటిలో మతానికి సంబంధించినది ఏదీ లేదు.

6-14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడలేదని, లేదా మధ్యలో మానేశారని 2006లో సచార్ కమిటీ నివేదించింది. మదరసాలకు వెళ్లేవారు దాదాపు 4 శాతమేనని కూడా చెప్పింది. ఆ రెండో అంకెను ఎవరూ గుర్తుంచుకోరు.

2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులు, సగం మంది మహిళలు కావాలి. నిధుల వినియోగాన్ని గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం ఆ కమిటీ బాధ్యత. మస్జిద్ కమిటీ ఎన్నికలప్పుడు మనకుండే ఉత్సాహంలో పదోవంతు అక్కడ కనిపించదు. సమావేశానికి వెళ్లకుండా, పుస్తకం ఇంటికి తెప్పించుకుని సంతకం పెట్టిన తండ్రులున్నారు. వారిలో మేమూ ఉన్నాం.

వచ్చే జుమా నమాజు తర్వాత మస్జిద్ ముందు బల్ల వేసుకుని కూర్చుంటాం. బడి మానిన ఆడపిల్లల పేర్లు రాసుకుంటాం. తల్లుల సమావేశం బడి వరండాలోనే జరుగుతుంది. మొదటి అర్జీ మరుగుదొడ్డి తలుపు కోసం.