రాయి మూత్రపిండంలో, కారణం కాలేయంలో

కిష్టారెడ్డిపేట, అమీన్‌పూర్, పటాన్‌చెరు ప్రాంతాల్లో ఎవరి కిడ్నీలో రాయి కనిపించినా నింద ముందుగా బోరునీటి మీదికే పోతుంది. పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగులోకీ, అక్కడినుంచి భూగర్భంలోకీ చేరిన చరిత్ర ఉన్న నేలలో ఆ అనుమానం సహజమే. బాయిలర్ల పక్కన షిఫ్టు చేస్తూ చాలినన్ని నీళ్లు తాగని కార్మికుడికి మూత్రం చిక్కబడి రాయి కట్టడమూ వాస్తవమే. అయితే ఐదారేళ్ల బిడ్డకు రాయి ఏర్పడినా, తీసిన కొద్దీ మళ్లీ పుట్టినా, రెండు కిడ్నీల్లోనూ పేరుకున్నా, ముఖ్యంగా ఆ తల్లిదండ్రులది మేనరికమైతే, కారణాన్ని నీటికి అంటగట్టి ఊరుకోవడం ఆ బిడ్డ ప్రాణానికే ముప్పు.

అలాంటి సందర్భాల్లో శంకించవలసిన వ్యాధుల్లో అతి తీవ్రమైనది ప్రైమరీ హైపర్‌ఆక్సలూరియా మొదటి రకం. కాలేయ కణాల్లోని ఏజీటీ అనే ఎంజైము గ్లయాక్సిలేటు అనే పదార్థాన్ని గ్లైసిన్‌గా మారుస్తుంది. ఏజీఎక్స్‌టీ జన్యువు రెండు ప్రతులూ లోపభూయిష్ఠమైతే ఆ పని కుంటుపడి, గ్లయాక్సిలేటు ఆక్సలేటుగా మారి, మూత్రంలో కాల్షియంతో కలిసి గట్టిపడుతుంది. కిడ్నీలు చెడ్డాక అదే ఆక్సలేటు ఎముకల్లో, కళ్లలో, గుండెలో చేరుతుంది. తల్లిదండ్రులిద్దరూ ఒక్కో లోపప్రతిని మోస్తూ ఆరోగ్యంగానే ఉంటారు కనుక కుటుంబంలో ఎవరికీ అనుమానం రాదు. ప్రతి కాన్పులోనూ వ్యాధి సంక్రమించే అవకాశం మాత్రం 25 శాతం.

ఆక్సలేటు ఒంట్లోనే తయారవుతున్నప్పుడు పాలకూర మాన్పించడంతో ఒరిగేది స్వల్పం. పాలు, పెరుగు ఆపించడం తప్పు, ఎందుకంటే వాటిలోని కాల్షియం పేగులోనే కొంత ఆక్సలేటును పట్టి ఉంచుతుంది. విటమిన్ సి మాత్రలు ఒంట్లో ఆక్సలేటుగా మారతాయి గనుక వాటికి దూరంగా ఉండాలి. కొండపిండాకు కషాయం జన్యులోపాన్ని సరిచేయలేదు.

చికిత్సకు మూలం నీరే. శరీర ఉపరితలం ప్రతి చదరపు మీటరుకు రోజుకు 2 నుంచి 3 లీటర్లు, రాత్రివేళ కూడా, లోపలికి పోవాలి. మరుగుదొడ్డి సరిగా లేని బడిలో పిల్లలు నీళ్లు తాగడమే మానేస్తారు. ఆ వసతి వైద్యుడి చీటీలో ఉండదు గాని చికిత్సలో భాగమే. మూత్రంలో స్ఫటికాలు కట్టకుండా పొటాషియం సిట్రేటు, కొందరిలో ఎంజైముకు ఊతమిచ్చే పైరిడాక్సిన్, అంటే విటమిన్ బి6, తోడవుతాయి. కాలేయంలో ఆక్సలేటు ఉత్పత్తినే తగ్గించే లుమాసిరాన్ ఇంజెక్షనుకు 2020లో అమెరికా, ఐరోపాల్లో అనుమతి లభించింది. దాని ధర సామాన్య కుటుంబానికి అందనంత ఎక్కువ.

రాళ్లు కట్టించే మరో వంశపారంపర్య వ్యాధి సిస్టిన్యూరియా తీరు వేరు. ఆంగ్ల శాస్త్రవేత్త వొలాస్టన్ 1810లో మూత్రాశయపు రాయిలో గుర్తించిన సిస్టిన్ అనే పదార్థాన్ని కిడ్నీ తిరిగి పీల్చుకోలేకపోవడమే అందులోని లోపం. మూత్రాన్ని క్షారగుణంలో ఉంచడం, ఉప్పు తగ్గించడం, అవసరమైతే టయోప్రోనిన్ ఇవ్వడం దానికి మార్గాలు.

మొదటి రకం హైపర్‌ఆక్సలూరియాను గుర్తించకుండా కిడ్నీ ఒక్కటే మార్పిడి చేస్తే, లోపమున్న కాలేయం కొత్త కిడ్నీనీ ఆక్సలేటుతో నింపవచ్చు. ఒక బంధువు దానం వృథా అయ్యే ఈ విషాదం సకాలంలో చేసిన పరీక్షతో తప్పించదగినదే. డయాలసిస్ సైతం ఆక్సలేటు ఉత్పత్తి వేగాన్ని అందుకోలేదు గనుక, కొత్త మందులు దక్కనివారికి కాలేయం, కిడ్నీ కలిపి మార్చవలసి రావచ్చు. ఇలాంటి వ్యాధుల చికిత్స కోసం 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థ కలిసి ఉత్కృష్ట కేంద్రంగా గుర్తింపు పొందాయి. ఆ విధానంలో సాయం పరిమితిని 2022లో 50 లక్షల రూపాయలకు పెంచారు.

తీసిన రాయిని పారేయకుండా విశ్లేషణకు పంపడం, 24 గంటల మూత్రంలో ఆక్సలేటును కొలవడం, అనుమానం బలపడితే జన్యుపరీక్ష చేయించడం వరుసగా జరగాలి. వ్యాధి తేలితే, ఏ నొప్పీ లేని తోబుట్టువులకూ కిడ్నీలు బాగున్నప్పుడే పరీక్ష చేయించాలి.