ట్యాంకుపై నీటి కొలత సాధనము మొరాయించినపుడు

(రేగొండలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తనంతట తానే మోటారును నడపు యంత్రము మీకు కొత్త కాదు. 2018 జనవరి 1 నుండి మన రాష్ట్రమున వ్యవసాయమునకు 24 గంటల విద్యుత్తు ఈయనారంభించినపుడు, భూగర్భ జలము వృథా కాకుండుటకై ఆటో స్టార్టర్లను తీసివేయవలసినదిగా రైతులను కోరుట మీకు జ్ఞాపకముండును. ఆ స్టార్టరుకు తెలిసినదొక్కటే: కరెంటు వచ్చినదా, లేదా? నీరు నిండినదో లేదో దానికి తెలియదు. నేడు నేను చెప్పబోవునది నీటిని చూచి పనిచేయు సాధనమును గూర్చి.

మంచినీటి ట్యాంకు నిండి పొర్లిపోవుట, నీరందక మోటారు ఉత్తగా తిరిగి కాలిపోవుట, ఈ రెండును పంచాయతీ నిధికి గండ్లే. వీటిని అరికట్టుటకు ఉపయోగపడు చిన్న బోర్డులు నేడు కొన్ని వందల రూపాయలకే దొరకుచున్నవి. ఈఎస్‌పీ 32, 2021లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై పికో అట్టివి. వీనిని మైక్రోకంట్రోలర్లందురు. వీనికి ఆజ్ఞలిచ్చు భాషలలో మైక్రోపైథాన్ ఒకటి. ఆస్ట్రేలియాకు చెందిన డేమియన్ జార్జ్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు 2013లో ప్రజల నుండి చందాలు కూర్చి దీనిని ఆరంభించెను. బడిలో పైథాన్ నేర్చిన పిల్లలకు ఇది కొరుకుడుపడని విద్య కాదు.

అయితే బోర్డు మెదడు మాత్రమే. కన్ను, చేయి, నోరు వేరుగా తగిలింపవలెను. ట్యాంకు మూతకు అమర్చి, ధ్వనిని పంపి, అది నీటిని తాకి మరలివచ్చు కాలమును బట్టి మట్టమును కొలుచు సెన్సరు కన్ను. మోటారును నడపి ఆపు రిలే చేయి. అంకెలు చూపు చిన్న తెర నోరు. వీనిని మాడ్యూళ్లందురు. సాధనము మొరాయించినపుడు దోషము తరచు బోర్డులో గాక, ఈ తగిలింపులలో ఉండును. కాని జరుగునదేమి? పెట్టె మొత్తము అటకెక్కును, కొత్తదానికి బిల్లు తయారగును!

పొలములో మోటారు తిరుగకున్నచో, బోరులోని పైపులను ముందుగా పైకి లాగు రైతు ఉన్నాడా? ఫ్యూజు చూచును, మూడు ఫేజులును వచ్చుచున్నవా యని చూచును, ఆ పిదప స్టార్టరు. ఇక్కడను అదే వరుస.

మొదట కరెంటు. ఈ బోర్డుల కాళ్లు 3.3 వోల్టులవి. ధ్వని సెన్సర్లలో పెక్కింటికి 5 వోల్టులు కావలెను. తక్కువైన అది మాట్లాడదు. అది తిరిగి పంపు 5 వోల్టుల సంకేతమును నేరుగా బోర్డుకు కలిపిన బోర్డుకే ముప్పు. నడుమ రెండు రెసిస్టర్లు వేసి తగ్గింపవలెను. అన్నిటి గ్రౌండు తీగలు ఒకచోట కలియవలెను. కలియకున్న కొలతలు పిచ్చిపిచ్చిగా వచ్చును. మరియొకటి: ఫోనులకు వాడు తీగలలో కొన్ని ఛార్జింగుకే పనికివచ్చును, సమాచారమును మోయవు. అట్టి తీగతో కలిపి, కంప్యూటరు బోర్డును గుర్తింపకున్నదని విసిగిపోవువారు కలరు.

తరువాత బోర్డునే అడుగవలెను. మైక్రోపైథానులో నాకు మిక్కిలి నచ్చిన గుణమిదియే. కంప్యూటరుకు కలిపినంతనే తెరపై మూడు బాణపు గుర్తులు కనబడినచో బోర్డు సజీవముగా ఉన్నదన్నమాట. చిన్న తెర, గడియారము వంటి మాడ్యూళ్లు ఐ టూ సీ అను రెండు తీగల దారిమీద ఉండును. ఒక్కొక్కదానికి ఇంటి నంబరు వంటి సంఖ్య కలదు. ‘స్కాన్’ అను ఆజ్ఞ నిచ్చిన, బడిలో హాజరు పిలిచినట్లు, ఉన్నవన్నియు పలుకును. సామాన్యముగా ఆ తెర 60 అనియు, గడియారము 104 అనియు పలుకును. ఖాళీ బ్రాకెట్లు వచ్చినచో ఎవరును పలుకలేదు: కరెంటు అందలేదు, లేదా రెండు తీగలు తారుమారైనవి, లేదా వదులైనవి. సంఖ్య వచ్చియు పని జరుగకున్నచో, తీగలను వదలి ప్రోగ్రామును చూడవలెను. ‘ఇంపోర్ట్ ఎర్రర్’ అని పడినచో చాలవరకు ఆ మాడ్యూలును నడపు ఫైలును బోర్డులోనికి ఎక్కింపలేదని అర్థము. దానిని గూడ మాడ్యూలనియే పిలుచుట ఒక చిక్కు!

బడిలో చక్కగా నడచినది ట్యాంకు మీద నడువకుండుట మరియొక తరచు ఫిర్యాదు. కరెంటు పోయి వచ్చినపుడు బోర్డు ‘మెయిన్’ అను పేరుగల ఫైలునే తనంతట తాను నడపును. వేరు పేరుతో దాచిన ప్రోగ్రాము, కంప్యూటరు దగ్గరనున్నంతసేపే నడచును. పేరు మార్చిన చాలును, ఖర్చు లేదు.

ట్యాంకులోని తేమ సెన్సరు ముఖమును చెడగొట్టును గనుక, తడికి ఓర్చు రకమును కొనవలెను. అయితే అట్టిది 20, 25 సెంటీమీటర్ల లోపలి దూరమును సరిగా కొలువజాలదు. నీరు అంతవరకు పెరుగు ట్యాంకులో దానిని కొంచెము ఎత్తున బిగింపుడు.

రిలే విషయమున హెచ్చరిక. కొన్ని రిలేలు తలక్రిందులుగా పనిచేయును: బోర్డు సున్న పంపినపుడు మోటారు నడచును. కరెంటు తిరిగివచ్చిన క్షణమున మోటారు తనంతట కదలునేమో, మోటారు కలుపకముందే బల్లమీద పరీక్షింపుడు. మోటారు వైపు తీగల జోలికి ఎలక్ట్రీషియనే పోవలెను, మెయిన్ ఆపిన పిమ్మటనే. పిల్లలెంత తెలివిగలవారైనను వారిని అటు పోనీయరాదు.

నా మనసులోని అసలు చింత వేరు. ఇట్టి సాధనమును అమర్చిన యువకుడు చదువుకో ఉద్యోగమునకో హనుమకొండ పోవును, హైదరాబాదు పోవును. ఏ తీగ ఏ కాలికి పోయినదో అతని తలలోనే ఉండును. కావున బిల్లు చెల్లించుటకు ముందే తీగల పటమును, ప్రతి మాడ్యూలు పలుకవలసిన సంఖ్యను, ప్రోగ్రాము ప్రతిని తీసికొని పంచాయతీ కార్యాలయమున భద్రపరుపుడు. మరమ్మతు వేళ ఒకసారి ఒక్క మార్పే చేసి, తేదీతో వ్రాయింపుడు. నాలుగు మార్పులొక్కసారి చేసినచో ఏది పనిచేసినదో తెలియదు.

ఈ బల్లమీద బోర్డు, తెర, సెన్సరు ఉన్నవి. మీరు చూడకుండ నేనొక తీగను ఊడదీసితిని. వార్డు సభ్యులలో ఇద్దరు ముందుకు వచ్చి, స్కాన్ చేసి, అది ఏదో చెప్పవలసినదిగా కోరుచున్నాను.