తేనెపట్టు ఎవరి సొత్తు?

(డెలానీపూర్ సభలో చదివిన ప్రసంగపాఠము)



తెలుగువారి గృహములలో తేనెకు గల స్థానము మిక్కిలి పెద్దది. దేవునికి చేయు పంచామృతములలో అది యొకటి. పెండ్లికి వచ్చిన వరునకిచ్చు మధుపర్కమునకు ఆ పేరు తేనెవలననే వచ్చినది. ఆయుర్వేద వైద్యులిచ్చు చూర్ణములలో పెక్కింటికి అదియే అనుపానము. కడకు భాష తీయనిదని చెప్పవలసివచ్చినను తెలుగువాడు తేనెనే తలచును. ఇంతటి చనువుగల పదార్థమును గూర్చి ‘ఇది తినుట న్యాయమా?’ అని యెవరైన అడిగినచో మొదట నవ్వు వచ్చుట సహజము. కాని ఆ ప్రశ్న నవ్వి విడిచిపెట్టదగినది కాదు.

1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ మున్నగు కొలదిమంది శాకాహారులు ఒక సంఘము స్థాపించి, తమ మార్గమునకు ‘వీగన్’ అను క్రొత్త పేరు పెట్టిరి. మాంసమే గాక పాలు, వెన్న, గ్రుడ్లు కూడ విడువవలెనని వారి మతము. ప్రాణులను మనుష్యుని లాభమునకై వాడుకొనుట సాధ్యమైనంత వఱకు, ఆచరణకు వీలైనంత వఱకు మానవలెనని ఆ సంఘపు నేటి నిర్వచనము. తేనెటీగయు ప్రాణియే గనుక తేనెకూడ ఆ నిషేధములోనికి వచ్చినది. గాంధీమహాత్ముడు 1912లో దక్షిణాఫ్రికాలో పాలు విడిచి, పిదప వ్యాధిగ్రస్తుడై మేకపాలు పుచ్చుకొనుట పలువురెఱిగినదే. అయితే ఆయన తేనెను విడువలేదు. ఆయన ప్రేరణచే 1934లో ఏర్పడిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము తేనెటీగల పెంపకమును ప్రోత్సహించినది. అహింసయే జీవితముగా గల మహనీయుడు సైతము తేనె యెడ వేఱు దారి పట్టెననగా, ఈ ప్రశ్న ఎంత చిక్కుగలదో తెలియుచున్నది.

ముందుగా తేనెటీగ పడు పాటు ఎట్టిదో చూడవలెను. పూవులోని మకరందము నీళ్లవలె పలుచన. ఈగ దానిని పొట్టలోని తిత్తియందు నింపుకొని వచ్చి, పట్టులోని ఈగల కందించును. అవి నోటినుండి నోటికి మార్చి, ఱెక్కలతో విసరి, నీరు ఇగిరిపోవు వఱకు శ్రమించును. తేనెగా ముదిరిన పిదప అందు నీరు నూటికి ఇంచుమించు పదునెనిమిది పాళ్లకు దిగును. అప్పుడు గదికి మైనపు మూత పెట్టును. పనిచేయు రోజులలో కూలి ఈగ ఆయువు సుమారు ఆఱు వారములు. ఆ జీవితమంతయు శ్రమించి అది కూడబెట్టునది టీచెంచాలో పండ్రెండవ వంతు మాత్రమేనని అంచనా. పూలు లేని దినములలో, వానలలో, ఆ గుంపంతయు బ్రతుకుటకు ఆ నిలువయే ఆధారము. కావున తేనె పాలవలె బిడ్డ త్రాగగా మిగిలినది కాదు, ఫలమువలె చెట్టు విడిచినదియు కాదు. అది ఒక కుటుంబము దాచుకొన్న ధాన్యపుగాదె. వీగన్ వాదమునకు ఇదియే పునాది.

ఈ శంక పడమటి దేశములలో మొలచినదే యనుకొనుట పొరపాటు. మనుస్మృతి బ్రహ్మచారికిని వానప్రస్థునికిని మాంసముతోపాటు మధువును వర్జ్యముగా చెప్పినది. జైనులు శ్రావకుని మూలగుణములను చెప్పునపుడు మద్య, మాంస, మధువులను మూడింటిని ఒకే వరుసలో పెట్టి నిషేధించిరి. పట్టును పిండునపుడు గ్రుడ్లు, పురుగులు చచ్చుననుట వారు చూపిన హేతువు. పదవ శతాబ్దపు అమృతచంద్రసూరి మఱియొక అడుగు ముందుకు వేసి, తనంత కారిన తేనెయందును సూక్ష్మజీవులుండును గనుక అదియు కూడదనెను. కొలనుపాకవంటి జైనక్షేత్రము గల తెలుగుదేశమునకు ఈ మాట క్రొత్తది కాదు. మఱియొక వంక విదురుడు ధృతరాష్ట్రునకు నీతి చెప్పుచు, తుమ్మెద పూవును నొప్పింపక తేనె గొన్నట్లు రాజు పన్ను గొనవలెనన్నాడు. పూవు నుండి ఈగ తీసికొను తీరు ధర్మమునకు దృష్టాంతమైనది. ఈగ నుండి మనుష్యుడు తీసికొను తీరు మాత్రము సందేహమునకు పాత్రమైనది. పెద్దలు గీచిన ఈ గీత గమనింపదగినది.

ఇక ఈ దీవుల సంగతి. 2024లో శ్రీవిజయపురమని పేరు మార్పబడిన పోర్ట్ బ్లెయిర్ నుండి ఓడపై కొన్ని గంటలు దక్షిణముగా పోయినచో లిటిల్ అండమాన్ వచ్చును. అచటి ఓంగీలకు తేనె వేలయేండ్లుగా ఆహారము. ఎత్తైన చెట్లపై కొండ తేనెటీగలు పెట్టిన పెద్దపట్టులను వారు మంటలతో కాల్చరు. అడవిలో దొరకు ఒక మొక్కను నమలి, ఆ రసమును మేనికి పూసికొని, పట్టు చెంతకు పోయి ఈగలపై ఉమియుదురు. ఈగలు కుట్టక, చావక, తొలగిపోవును. ఏలకికి బంధువైన అట్టి మొక్కను గూర్చి దత్తాయు ఆయన సహచరులును 1983లో ఒక శాస్త్రపత్రికలో ప్రకటించిరి. అమోమమ్ అక్యులేటమ్ అని దాని శాస్త్రనామము. బడిచదువు లేని అడవి మనుష్యుడు ఈగను చంపక తేనె తీయు ఉపాయము కనుగొనియుండగా, నాగరకుడు కాగడాతో గుంపులను మాడ్చుట సిగ్గుపడదగిన విషయము.

1906 మొదలు 1908 వఱకు ఈ దీవులలో పరిశోధించిన రాడ్క్లిఫ్-బ్రౌన్ తన గ్రంథమున మఱియొక నమ్మకమును వ్రాసినాడు. తేనెమైనమును కాల్చినను కరగించినను బిలికు అను దేవత కోపించి తుపాను పంపునని అండమానీయుల విశ్వాసము. వారు తేనె తినిరి, మైనము వాడిరి. అయినను అది తమ సొత్తు కాదనియు, దానికి వేఱొక యజమాని కలదనియు భయము మాత్రము వారిని విడువలేదు. తినుచునే జంకుట అను ఈ గుణము, జంకులేక తినువారికంటె ధర్మమునకు ఒక మెట్టు దగ్గఱ.

ఈ దీవులలో తేనెకు సంబంధించిన చిక్కు ఈగతో ముగియదు. ఆదిమజాతుల రక్షణకై 1956లో చేయబడిన నిబంధన ప్రకారము వారి రక్షిత ప్రాంతములలో అనుమతి లేక అడుగు పెట్టరాదు, లైసెన్సు లేక వర్తకము చేయరాదు. పిడికెడు పొగాకో, పాత బట్టయో చూపి అడవివాని తేనె చేజిక్కించుకొనుట చట్టవిరుద్ధము; అంతకుమించి, వెల తెలియని వానిని మోసగించుట. సెలవుపై మెయిన్‌లాండునకు పోవు ఉద్యోగి బంధువులకై ఒక తేనెసీసా కొనునపుడు, అది ఎవరి చేతినుండి ఎట్లు వచ్చినదని అడుగుట అతని విధి. ఈగను పీడింపరాదను వాడు మనుష్యుని పీడించి తెచ్చిన తేనెను ఎట్లు ముట్టగలడు?

తెలుగుదేశపు కొండలలోను ఈ ముడియే కలదు. నల్లమల చెంచులు కొండచరియలపై త్రాళ్లతో వ్రేలాడి తేనె తీయుదురు. పైన త్రాడు పట్టువాడు బావమఱిదియే కావలెనని వారి ఆచారముగా చెప్పుదురు. తోబుట్టువు పసుపుకుంకుమలు తన చేతిలో నున్నవని యెఱిగినవాడు త్రాడు వదలడు గదా! విశాఖపట్టణము కేంద్రముగా 1956లో వెలసిన గిరిజన సహకార సంస్థ కొండప్రజల నుండి తేనె కొని అమ్ముచున్నది. పట్టునంతయు కోసి పిల్లపురుగులతో పిండివేయుట పాతపద్ధతి. తేనె నిండిన భాగమును మాత్రమే కోసి, పిల్లలున్న భాగమును ఈగలకు విడుచుట మేలైన పద్ధతి. మొదటిదానిలో ఒక ఊరిని కొల్లగొట్టుట కలదు. రెండవదానిలో పన్ను గొనుట కలదు. పన్నును ప్రశ్నింపవచ్చును గాని, రెండును ఒకటే యనుట న్యాయము కాదు.

తేనెపెట్టెల విషయము వేఱు. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ కనుగొన్న కదలెడు చట్రముల వలన పట్టును చెఱుపకయే తేనె తీయుట సాధ్యమైనది. హింస తగ్గెనని లోకము సంతసించినది. కాని పెట్టె వచ్చిన పిదప ఈగ వేట కాక పశువైనది. పెద్ద పరిశ్రమలలో రాణి ఈగ ఱెక్క కత్తిరించుట, ఏడాదికో రెండేండ్లకో దానిని చంపి క్రొత్తదానిని పెట్టుట, తేనెయంతయు తీసికొని చక్కెరపాకము పోయుట వాడుకలో నున్నవి. దూరదేశపు జాతులను, గుంపులను ఇటునటు చేరవేయుటచే రోగములును ప్రయాణము చేయును. 1991-92లో దక్షిణభారతమున థాయ్ సాక్‌బ్రూడ్ అను వైరసు తెగులు వ్యాపించి, పెట్టెలలోని పుట్ట తేనెటీగల గుంపులలో అత్యధికభాగము నశించినది. పెంచినవారి జీవనమును దానితో కూలినది.

దీనికి పెంపకందారుల సమాధానములును వినవలెను. ఆవు కట్టుకొయ్యకు బందీ, ఈగ కాదు. నచ్చకున్న పుట్ట తేనెటీగలు పెట్టె విడిచి లేచిపోవుట వారికి నిత్యానుభవము. సన్నకారు రైతుకు నాలుగు పెట్టెలు నాలుగు రాళ్లిచ్చును. పొద్దుతిరుగుడు వంటి పైరులు ఈగ వలననే గింజపట్టును. వీగన్లు మెచ్చు బాదముపప్పు సైతము కాలిఫోర్నియాలో ఏటేట పదిలక్షలకు పైగా పెట్టెలను తోటలలో దింపి పండించునదే. తేనె మానినవాడు ఈగ ఋణమునుండి విముక్తుడు కాలేదు. ఈ మాట నిజము. కాని ఋణము తప్పనిచోట తీర్చుకొనుటయు, తప్పించుకొనదగినచోట చేయకుండుటయు వివేకము. అన్ని తప్పులు మానలేము గనుక ఏదియు మానవలదను వాదము నిలువదు.

కీటకమునకు బాధ యెక్కడిదని కొందఱందురు. 2022లో లండనులో లార్స్ చిట్కా బృందము, బంబుల్ బీ అను బొద్దు తుమ్మెదలు ఏ బహుమానమును లేకయే చిన్న బంతులను దొర్లించి ఆడుచుండుట ప్రకటించినది. ఆట యెఱిగిన ప్రాణికి నొప్పి తెలియదని ధైర్యముగా చెప్పుట కష్టము. సంశయమున్నచోట కరుణవైపు మొగ్గుట భారతీయులకు అలవడిన మార్గమే.

ఇన్నిటికిని కొలమానము ఒకటే: అవసరము. ఓంగీకి తేనె ఆహారము. అతనికి వీగన్ ధర్మము బోధింపబోవుట అహంకారము. చెంచుకు అది జీవనము. పట్టణపు గృహస్థునకు బెల్లము, తాటిబెల్లము, పండ్లు అందుబాటులో నున్నవి. అతనికి తేనె రుచి మాత్రమే. ఏడాది నిండని శిశువునకు తేనె నాకింపరాదని వైద్యులే చెప్పుచున్నారు గనుక ఆ నెపమును లేదు. రుచికొఱకు తేనె విడుచువాని త్యాగము చిన్నదే, కాని నిజమైనది. విడువలేనివాడు కనీసము మూడు మాటలు అడుగవలెను: పిల్లలున్న భాగమును విడిచిరా? ఈగలకు తిండి మిగిల్చిరా? తీసినవానికి తగిన వెల ముట్టినదా?

భాగవతమున అవధూత యదురాజునకు తన గురువులను లెక్కించునపుడు తేనెటీగను చెప్పెను, తేనె తీయువానిని కూడ చెప్పెను. కూడబెట్టిన సొమ్ము పరులపాలగునని వారివలన నేర్చితిననెను. ఆ పాఠము ఇన్నాళ్లు ఈగ తప్పునే చూపినది. పరుల నిలువపై చేయి వేయుట తగునా అను పాఠము తినువాడు నేర్వవలసియున్నది.